డిపాజిట్ పోగొట్టుకున్న చోటే
మూడో స్థానం నుంచి మొదటి స్థానానికి: 2020 దుబ్బాక ఉప ఎన్నిక చెప్పే లెక్క

2020 నవంబరు 10, మంగళవారం. సిద్దిపేట శివారులోని ఇందూరు ఇంజినీరింగ్ కళాశాలలో పొద్దున్నే పద్నాలుగు టేబుళ్లు వేశారు. దుబ్బాక నియోజకవర్గంలో పోలింగ్ కేంద్రాలు 315. టేబుల్‌కు ఒకటి చొప్పున లెక్కిస్తూ పోతే 23 రౌండ్లు. తొలి రౌండ్లలో బీజేపీ ముందుంది. ‘మొదట్లో అలాగే ఉంటుంది, మన మండలాలు రానీ’ అనుకుంది అధికార పక్షం. అనుకున్నట్టే మధ్యలో కారు పుంజుకుంది. 19వ రౌండ్ ముగిసేసరికి టీఆర్ఎస్ కొద్దిపాటి ఆధిక్యంలోకి వచ్చింది కూడా. మిగిలినవి నాలుగే రౌండ్లు. టీవీల ముందు కూర్చున్న తెలంగాణ అంతా ఊపిరి బిగబట్టింది.

ఆ నాలుగు రౌండ్లలో కమలం మళ్లీ లేచింది. చివరికి తేలిన లెక్క: బీజేపీ అభ్యర్థి మాధవనేని రఘునందన్‌రావు 63,352, టీఆర్ఎస్ అభ్యర్థి సోలిపేట సుజాత 62,273, కాంగ్రెస్ అభ్యర్థి చెరుకు శ్రీనివాస్‌రెడ్డి 22,196. తేడా 1,079 ఓట్లు.

తెలంగాణ వచ్చిన తర్వాత జరిగిన ఎన్నికల్లో దీనికంటే పెద్ద మెజారిటీలు చాలా ఉన్నాయి. ఇంత చిన్న మెజారిటీతో ఇంత పెద్ద కుదుపు తెచ్చిన ఎన్నిక మాత్రం మరొకటి కనిపించదు. బలహీనుడనుకున్న అభ్యర్థి ఉప ఎన్నికలో గెలిచే అవకాశం ఎంత, ఆ అవకాశం ఎక్కడ పుడుతుంది, దాన్ని ముందుగా పసిగట్టగలమా అన్న ప్రశ్నలకు దుబ్బాకను మించిన పాఠ్యపుస్తకం మనకు దగ్గరలో లేదు.

పది వేల రూపాయలు పోయిన కథ

రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 2018 డిసెంబరులో ఇదే దుబ్బాకలో టీఆర్ఎస్ అభ్యర్థి సోలిపేట రామలింగారెడ్డికి 89,299 ఓట్లు వచ్చాయి. రెండో స్థానంలో నిలిచిన కాంగ్రెస్‌కు 26,799. మూడో స్థానంలో రఘునందన్‌రావు, 22,595. మెజారిటీ 62,500. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే నామినేషన్‌తో కట్టిన పది వేల రూపాయల డిపాజిట్ తిరిగి రాదు. ఆ ఆరో వంతు రఘునందన్‌రావుకు అందలేదు. అంతకుముందు 2014లోనూ ఆయన ఇక్కడే పోటీ చేశారు. అప్పుడూ మూడో స్థానమే. వచ్చిన ఓట్లు పదిహేను వేల పైచిలుకు.

పార్టీ పరిస్థితి అంతకంటే గొప్పగా లేదు. 2018లో 119 స్థానాల అసెంబ్లీలో బీజేపీ గెలిచింది ఒక్క గోషామహల్. 2019 లోక్‌సభ ఎన్నికల్లో కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, సికింద్రాబాద్ గెలిచి అందరినీ ఉలిక్కిపడేలా చేసింది నిజమే. అయితే అదే ఏడాది అక్టోబరులో హుజూర్‌నగర్ ఉప ఎన్నిక వచ్చేసరికి ఆ పార్టీకి పడ్డ ఓట్లు మూడు వేలు కూడా లేవు. ఢిల్లీకి మోదీ, ఇంటికి కేసీఆర్ అన్న తేడా ఓటరు మనసులో స్పష్టంగా ఉందని అప్పుడు అందరూ తీర్మానించుకున్నారు.

2020 ఆగస్టు 6న రామలింగారెడ్డి అనారోగ్యంతో కన్నుమూశారు. విలేకరిగా మొదలై ఉద్యమంలోకి వచ్చిన మనిషి. 2004లోనూ, 2008 ఉప ఎన్నికలోనూ పాత దొమ్మాట నియోజకవర్గం నుంచి, 2014, 2018ల్లో దుబ్బాక నుంచి గెలిచారు. ఊళ్లలో ‘లింగన్న’. ఆయన భార్య సుజాతకు పార్టీ టికెట్ ఇచ్చింది. భర్త పోయిన దుఃఖం ఇంకా ఆరని ఇల్లాలు ఒకవైపు. ఆరేళ్లుగా తిరుగులేని అధికారం వెనక. నియోజకవర్గమంతా పింఛన్లు, రైతుబంధు. కాగితం మీద ఈ పోటీలో సందేహమే లేదు.

సానుభూతి మీద ఒక మాట

ఎమ్మెల్యే చనిపోతే కుటుంబానికి టికెట్, సానుభూతి పవనం, గెలుపు: ఇది మన రాజకీయాల్లో చాలాకాలంగా నడుస్తున్న నమ్మకం. తెలంగాణ లెక్కలు దాన్ని అంతగా సమర్థించవు. 2016 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో కాంగ్రెస్ ఎమ్మెల్యే కిష్టారెడ్డి మరణానంతరం ఆయన కుమారుడు పోటీ చేశారు. టీఆర్ఎస్ 50 వేలకు పైగా మెజారిటీతో గెలిచింది. మూడు నెలలకు పాలేరులో రాంరెడ్డి వెంకటరెడ్డి భార్య సుచరిత కాంగ్రెస్ తరఫున నిలబడ్డారు. టీఆర్ఎస్ అభ్యర్థి తుమ్మల నాగేశ్వరరావు 45 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ప్రభుత్వం మారాక కూడా ఇదే వరుస. 2024లో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో లాస్య నందిత సోదరి, 2025 నవంబరులో జూబ్లీహిల్స్‌లో మాగంటి గోపీనాథ్ భార్య సునీత బీఆర్ఎస్ (పేరు మారిన టీఆర్ఎస్) తరఫున పోటీ చేశారు. రెండు చోట్లా అధికారంలో ఉన్న కాంగ్రెసే గెలిచింది. జూబ్లీహిల్స్‌లో మెజారిటీ 24,729.

ఇవన్నీ చెప్పేది ఒకటే. ఉప ఎన్నికలో అధికారం, సానుభూతి ఎదురెదురుగా నిలబడితే అధికారం గెలుస్తోంది. ‘ప్రభుత్వం మాది, పనులు కావాలంటే మేమే’ అన్న మాటకు ఊళ్లో విలువ ఉంది. దుబ్బాకలో ఈ రెండూ ఎదురెదురుగా లేవు, ఒకే పక్కన ఉన్నాయి. అధికారం, సానుభూతి కలిసి నిలబడిన చోట, డిపాజిట్ పోయిన మనిషి గెలిచాడు. అందుకే ఈ ఫలితాన్ని గాలివాటం అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

మూడు దీపాల మధ్య

పటం తీసి చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. దుబ్బాకకు ఒక పక్క సిద్దిపేట, అప్పటి మంత్రి హరీశ్‌రావుది. ఇంకో పక్క గజ్వేల్, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ది. మరో పక్క సిరిసిల్ల, కేటీఆర్‌ది. అప్పట్లో రాష్ట్రంలో అత్యంత శక్తిమంతులైన ముగ్గురి నియోజకవర్గాల మధ్య దుబ్బాక ఉంది. కేసీఆర్ చిన్నప్పుడు చదువుకున్నది కూడా ఇక్కడి బళ్లోనే.

ఇదే అధికార పక్షానికి బలం కావాలి. కానీ ఆ పొరుగే దుబ్బాకకు పుండు మీద కారం అయింది. సిద్దిపేటకు పోతే నాలుగు వరుసల రోడ్లు, మెడికల్ కాలేజీ, చెరువు గట్టు మీద దీపాల వెలుగు. గజ్వేల్‌కు పోతే కొత్త ఆసుపత్రి, ఎడ్యుకేషన్ హబ్. పెళ్లికో పేరంటానికో పక్క ఊరికి వెళ్లొచ్చిన ప్రతి దుబ్బాక మనిషీ ఆ తేడా కళ్లారా చూసి వచ్చేవాడే. ఏమీ అందని మారుమూల తాలూకా అయితే ‘ప్రభుత్వం అంటే ఇంతే’ అని సరిపెట్టుకునేది. పది మైళ్ల దూరంలో అదే ప్రభుత్వం చేసిన పని కళ్లముందు కనిపిస్తుంటే సరిపెట్టుకోవడం కష్టం. రఘునందన్‌రావు ప్రచారమంతా ఈ ఒక్క పోలిక చుట్టూ తిరిగింది. వాళ్లకు ఉన్నది మనకెందుకు లేదు?

ఇక తొగుట మండలం. కాళేశ్వరం ప్రాజెక్టులో 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం కోసం ఖాళీ చేయాల్సి వచ్చిన ఊళ్లు ఎక్కువగా ఇక్కడివే: వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, రాంపూర్, లక్ష్మాపూర్. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలని నిర్వాసితులు, జీవో 123 ప్రకారం నేరుగా కొంటామని ప్రభుత్వం, మధ్యలో హైకోర్టు. 2016 జులైలో రాజీవ్ రహదారి వైపు బయల్దేరిన గ్రామస్తుల మీద లాఠీలు విరిగాయి. వేములఘాట్‌లో రిలే దీక్షలు నెలలు కాదు, ఏళ్లు నడిచాయి. ఆ నీళ్లు కింది జిల్లాలకు ఎంత మేలు చేస్తాయన్నది వేరే చర్చ. ఇల్లు, పొలం, ఊరి పేరు కలిపి పోగొట్టుకునేవాడికి ఆ చర్చ ఓదార్పు కాదు.

చేటలో బీడీలు

దుబ్బాక, మిరుదొడ్డి, దౌల్తాబాద్, చేగుంట వైపు ఊళ్లలో మధ్యాహ్నం పూట అరుగుల మీద చూడాలి. తునికాకు ముందురోజు రాత్రే నీళ్లలో తడిపి ఉంచుతారు. తెల్లారి ఇంటి పని ముగించుకుని, రేకు కొలత పెట్టి కత్తెరతో ఆకు కత్తిరిస్తారు. ఒళ్లో చేట. చిటికెడు తంబాకు ఆకులో పరిచి, రెండు వేళ్ల మధ్య చుట్టి, దారం చుట్టి బిగించి, మూతి మడుస్తారు. లెక్క వెయ్యి బీడీలకు. మాట్లాడుతున్నా, మనవణ్ని అదిలిస్తున్నా వేళ్లు ఆగవు. ఊరి రాజకీయమంతా ఆ చేటల చుట్టూనే మాట్లాడుకుంటారు.

ఈ ఆడవాళ్లకు పింఛను ఇవ్వడం కేసీఆర్ ప్రభుత్వం చేసిన మంచి పని. 2015లో వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016కు పెరిగింది. ప్రచారంలో ఆ పింఛనులో ఎక్కువ భాగం కేంద్రానిదేనని బీజేపీ నాయకులు చెప్పారు. హరీశ్‌రావు మండిపడ్డారు, నిరూపించమని సవాలు విసిరారు. నిజం ఆయన వైపే ఉంది. కేంద్రం ఇచ్చే సామాజిక పింఛన్ల పథకంలో వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులు ఉంటారు తప్ప బీడీ కార్మికులన్న వర్గం లేదు.

అయినా ఆ వాదన అధికార పక్షానికి లాభం చేయలేదు. పింఛను ఎవరి డబ్బు అని ప్రచారం మధ్యలో కూర్చుని లెక్కలు చెప్పాల్సి రావడమే వెనకబడ్డ లక్షణం. ‘మేం ఇచ్చాం కాబట్టి మాకు వేయాలి’ అని పదేపదే వినేసరికి తీసుకున్నవాళ్లకు అది సాయంలా కాక అప్పులా వినిపిస్తుంది. ఏ ప్రభుత్వమూ ఇప్పటికీ సరిగా గ్రహించని సంగతి ఇది.

పైగా ఆ ఏడాది వానాకాలం. నియంత్రిత సాగు పేరుతో సన్నవడ్లు వేయమని సర్కారు చెప్పింది. అక్టోబరు వానలు పంటను ముంచాయి. ఆగస్టు చివర్లో వచ్చిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ జీవో ప్లాటు కొనుక్కున్న ప్రతి చిన్న మనిషికీ గుబులు పుట్టించింది. కరోనా వల్ల పనుల్లేక ఇళ్లకు చేరిన యువకులు ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి.

ఓడినా ఊరు వదలనివాడు

రఘునందన్‌రావుది దుబ్బాక మండలం బొప్పాపూర్. విలేకరిగా పనిచేసి, తర్వాత న్యాయవాది అయ్యారు. టీఆర్ఎస్‌లో మొదటి రోజుల నుంచి ఉండి, 2013లో సస్పెన్షన్‌కు గురై బీజేపీలో చేరారు. ఆ పార్టీ గుట్టుమట్లు, ఉద్యమ భాష, కేసీఆర్ మాట్లాడే తీరు అన్నీ దగ్గరగా ఎరిగిన మనిషి. టీవీ చర్చల్లో పదునుగా మాట్లాడతారన్న పేరు అప్పటికే ఉంది.

2014లో ఓడారు. 2018లో ఓడారు. 2019లో మెదక్ లోక్‌సభకు నిలబడి మళ్లీ మూడో స్థానం. మామూలుగా ఇన్ని ఓటములు తిన్న నాయకుడు స్థానం మారుస్తాడు, లేకపోతే పార్టీ మారుస్తాడు. ఈయన దుబ్బాకను అంటిపెట్టుకునే ఉన్నారు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మన పెద్దలు అంటారు. ఉప ఎన్నిక నోటిఫికేషన్ వచ్చేనాటికి నియోజకవర్గంలో ఆయన్ను పరిచయం చేయాల్సిన పని పార్టీకి లేదు. ఉన్న పని ఒక్కటే, ‘ఈసారి గెలవగలడు’ అని నమ్మించడం.

బలహీన అభ్యర్థి అవకాశాలను అంచనా వేసేటప్పుడు మనం చేసే పెద్ద తప్పు ఇక్కడే ఉంది. పోయినసారి వచ్చిన ఓట్లు చూసి కొలుస్తాం. ఓటు వేయనివాళ్లంతా వద్దనుకున్నారని అనుకుంటాం. చాలామంది ‘మనిషి మంచోడే, గెలవడు కదా’ అని వేరొకరికి వేసి ఉంటారు. అసెంబ్లీ ఎన్నికల్లో ఆ లెక్క సహజం. ముఖ్యమంత్రిని ఎన్నుకుంటున్నామన్న స్పృహ ఉంటుంది. ఉప ఎన్నికలో ప్రభుత్వం మారదు. ఒక్క సీటు పోతే కేసీఆర్ పడిపోరు, పింఛను ఆగదు. అలాంటప్పుడు ఇన్నాళ్లూ మనసులో దాచుకున్న ఓటు బయటికి వస్తుంది. ‘ప్రశ్నించే గొంతు కావాలి’ అన్న నినాదం అందుకే పనిచేసింది. ప్రభుత్వాన్ని దింపమని అది అడగలేదు, అసెంబ్లీలో ఒక కుర్చీ అడిగింది.

2020 మార్చిలో రాష్ట్ర పార్టీ పగ్గాలు అందుకున్న బండి సంజయ్‌కి ఇది తొలి పరీక్ష. టీఆర్ఎస్ తరఫున మొత్తం భారం హరీశ్‌రావు మీద పడింది. ఉప ఎన్నికల్లో ఆయనకున్న పేరు అందరికీ తెలిసిందే. ఊరూరా తిరిగారు. కేసీఆర్ ప్రచారానికి రాలేదు. రావాల్సిన అవసరం ఉందని పార్టీ అనుకున్నట్టు కనిపించలేదు.

అక్టోబరు 26న సిద్దిపేటలో రఘునందన్‌రావు బంధువుల ఇంట్లో పోలీసులు సోదాలు జరిపారు. 18.67 లక్షల రూపాయలు దొరికాయన్నారు. ఆ డబ్బు పోలీసులే తెచ్చిపెట్టారని బీజేపీ ఆరోపించింది, కార్యకర్తలు అందులో కొంత లాక్కెళ్లారని పోలీసులు చెప్పారు. అక్కడికి వెళ్లిన బండి సంజయ్‌ని అదుపులోకి తీసుకుని కరీంనగర్ పంపేశారు. ఆయన దీక్షకు కూర్చున్నారు. ఎవరి మాట నిజమన్నది పక్కనపెడితే, ఆ రాత్రి తర్వాత ఎన్నిక రూపు మారింది. అప్పటిదాకా వార్తల్లో మూడో వాడిగా ఉన్న అభ్యర్థిని ప్రభుత్వమే తన అసలు ప్రత్యర్థిగా ప్రకటించినట్టయింది. కాంగ్రెస్‌కు వేయాలా, బీజేపీకి వేయాలా అని ఊగుతున్న వ్యతిరేక ఓటరుకు దారి కనిపించింది.

రొట్టెల కర్ర

నవంబరు 3న పోలింగ్. కరోనా రోజులు కాబట్టి గుమ్మం దగ్గర శానిటైజర్, చేతికి తొడుగు, చివరి గంట కరోనా సోకినవారి కోసం. అయినా 82.61 శాతం పోలింగ్. బరిలో 23 మంది. ఒక బ్యాలెట్ యూనిట్‌లో నోటాతో కలిపి 16 పేర్లే పడతాయి. అంటే ప్రతి కేంద్రంలోనూ రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టారు. తొడుగు వేసుకున్న చెయ్యి, మసక చూపు, రెండు యంత్రాల మీద వరసగా చిన్న చిన్న నల్లటి బొమ్మలు.

ఆ బొమ్మల్లో కారు ఒకటి. చపాతీలు ఒత్తే పీట, కర్ర ఇంకొకటి. తెల్ల కాగితం మీద వేలెడంత బొమ్మగా ముద్రిస్తే పీట, దాని మీద అడ్డంగా కర్ర దూరం నుంచి కారులా కనిపిస్తుందని టీఆర్ఎస్ ఫిర్యాదు. ఆ గుర్తు మీద పోటీ చేసిన స్వతంత్ర అభ్యర్థికి మూడున్నర వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఓడిన తేడా 1,079. టీఆర్ఎస్‌కు కడుపు మండటంలో ఆశ్చర్యం లేదు. 2022లో మునుగోడు ఉప ఎన్నికప్పుడు ఇలాంటి గుర్తులు తొలగించాలని ఆ పార్టీ హైకోర్టు దాకా వెళ్లింది.

పెద్దవాళ్ల ఓట్లు కొన్ని నిజంగానే పొరపాటున అటు పడి ఉండొచ్చు. గుర్తుల ముద్రణలో ఎన్నికల సంఘం ఇంకా జాగ్రత్త పడాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఈ వాదన చివరి వెయ్యి ఓట్లను మాత్రమే వివరిస్తుంది. 62,500 మెజారిటీ రెండేళ్లలో ఆవిరై, రొట్టెల కర్ర మీద ఆధారపడాల్సిన స్థితి ఎందుకొచ్చిందో చెప్పదు.

ఎవరి ఓటు ఎటు పోయింది?

అసలు ఆసక్తి ఇక్కడుంది. ఫలితం వచ్చిన రోజు నుంచి వినిపించిన మాట, ‘కాంగ్రెస్ ఓటు బీజేపీకి బదిలీ అయింది’ అని. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట నిలవదు.

కాంగ్రెస్‌కు 2018లో 26,799, 2020లో 22,196. తగ్గింది 4,603. టీఆర్ఎస్ 89,299 నుంచి 62,273కు పడింది. తగ్గింది 27,026. బీజేపీ 22,595 నుంచి 63,352కు ఎక్కింది. పెరిగింది 40,757. కాంగ్రెస్ పోగొట్టుకున్నదంతా బీజేపీకే పోయిందనుకున్నా ఆ పెరుగుదలలో తొమ్మిదో వంతు మాత్రమే. మిగతాది కారు దిగినవాళ్లదీ, 2018లో చిన్న పార్టీలకూ స్వతంత్రులకూ వేసినవాళ్లదీ. ఓటరు ఓటరునూ వెంబడించి చూడలేం కాబట్టి ఇది నికర లెక్కే. అయినా దిశ స్పష్టం. కాంగ్రెస్ తన ఓటును చాలావరకు కాపాడుకుంది. అభ్యర్థి శ్రీనివాస్‌రెడ్డి ఈ నేల మీద పలుకుబడి ఉన్న మాజీ మంత్రి చెరుకు ముత్యంరెడ్డి కుమారుడు కదా. నామినేషన్లకు ముందే టీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌లోకి వచ్చారు.

అంటే రఘునందన్‌రావు ప్రతిపక్ష ఓటును పోగు చేసి గెలవలేదు, అధికార పక్షం ఇంట్లోంచే ఓట్లు తెచ్చుకుని గెలిచారు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. ఆయనకు వచ్చినది పోలైన ఓట్లలో నలభై శాతం లోపే. ముక్కోణపు పోటీలో కాంగ్రెస్ ఇంకా గట్టిగా నిలిచి ఓ రెండు వేల ఓట్లు అటు లాగి ఉన్నా, లేదా పూర్తిగా చతికిలబడి ఆ 22 వేలూ రెండుగా పంచుకున్నా, ఫలితం తారుమారయ్యే వీలుండేది. బలహీన అభ్యర్థి గెలిచే కిటికీ చాలా ఇరుకు. పోలింగ్ తర్వాత వచ్చిన సర్వేలు కూడా కొన్ని కారుకు, కొన్ని కమలానికి మొగ్గాయి.

ఇలాంటి ఇరుకు కిటికీలోంచి దూరినవాళ్లు ఇంతకుముందూ ఉన్నారు. 2010 ఉప ఎన్నికల్లో నిజామాబాద్ అర్బన్‌లో పీసీసీ అధ్యక్షుడు డి.శ్రీనివాస్‌ను బీజేపీ అభ్యర్థి ఎండల లక్ష్మీనారాయణ ఓడించారు. 2012 మార్చిలో మహబూబ్‌నగర్‌లో తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున ఉన్న రోజుల్లో టీఆర్ఎస్‌ను రెండు వేల లోపు ఓట్లతో దాటి బీజేపీకి చెందిన యెన్నం శ్రీనివాస్‌రెడ్డి గెలిచారు. రెండు చోట్లా పార్టీకి పెద్ద బలగం లేదు. అభ్యర్థి స్థానికుడు, ఊళ్లో ఒక కోపం ఉంది, ఆ కోపానికి ఒకే చిరునామా దొరికింది.

ఆ తర్వాత

ఓటమి బాధ్యత తనదేనని హరీశ్‌రావు ఆ సాయంత్రమే ఒప్పుకున్నారు. రాజకీయాల్లో అరుదైన హుందాతనం అది. దుబ్బాక ఊపు నెల తిరక్కుండానే హైదరాబాద్ చేరింది. డిసెంబరు 1న జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికల్లో నాలుగు డివిజన్ల పార్టీ 48కి ఎగబాకింది.

దాంతో ప్రతి ఉప ఎన్నికనూ దుబ్బాక కొలతతో కొలవడం మొదలైంది. ఆ కొలత వెంటనే తప్పింది. 2021 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్‌లో దివంగత టీఆర్ఎస్ ఎమ్మెల్యే నోముల నర్సింహయ్య కుమారుడు భగత్, జానారెడ్డి అంతటి నాయకుణ్ని 18 వేలకు పైగా తేడాతో ఓడించారు. బీజేపీకి డిపాజిట్ దక్కలేదు. ఆరు నెలలకు హుజూరాబాద్‌లో ఈటల రాజేందర్ బీజేపీ తరఫున 23,855 మెజారిటీతో గెలిచారు. 2018లో అక్కడ బీజేపీకి వచ్చింది 1,683 ఓట్లు. కానీ ఈటల ఏనాడూ బలహీన అభ్యర్థి కాదు. దళితబంధుతో సహా ప్రభుత్వం మొత్తం ఎదురు నిలిచినా, ఆ నేల మీద పాతుకుపోయిన మనిషి ఆయనే. 2022 నవంబరులో మునుగోడు వచ్చింది. కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి రాజీనామా చేసి కమలం గుర్తుపై నిలబడ్డారు. 93 శాతం పోలింగ్. టీఆర్ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డి 10,309 ఓట్లతో గెలిచారు. ధనబలం, ఢిల్లీ బలం, మీడియా హోరు అన్నీ ఉన్నా ‘ఎందుకీ ఎన్నిక?’ అన్న ఓటరు ప్రశ్నకు అక్కడ సరైన జవాబు దొరకలేదు.

దుబ్బాకలో ఎన్నిక ఎవరూ తెచ్చిపెట్టింది కాదు. మరణం తెచ్చింది. ఆ తేడా చిన్నదేం కాదు.

ఇక దుబ్బాక సంగతి. మల్లన్నసాగర్‌ను 2022 ఫిబ్రవరి 23న కేసీఆర్ ప్రారంభించారు. తొగుట ఊళ్లు నీళ్ల కిందికి పోయాయి, జనం గజ్వేల్ దగ్గర కట్టిన కాలనీలకు చేరారు. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ తన మెదక్ ఎంపీ కొత్త ప్రభాకర్‌రెడ్డిని బరిలోకి దించింది. ప్రచారంలో ఉండగా అక్టోబరు 30న ఆయన మీద కత్తితో దాడి జరిగింది. ఆ దాడిలో గాయపడిన అభ్యర్థికి 97,879 ఓట్లు పడ్డాయి. రఘునందన్‌రావుకు 44,366. రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీచిన ఏడాదిలో దుబ్బాక మళ్లీ కారెక్కింది, తేడా 53 వేల పైచిలుకు.

ఆరు నెలలు తిరిగాయి. 2024 జూన్ 4న మెదక్ లోక్‌సభ ఫలితం వచ్చింది. ఇందిరాగాంధీ 1980లో గెలిచిన ఈ స్థానంలో ఐదేళ్ల కిందట మూడో స్థానంలో నిలిచిన రఘునందన్‌రావు 39,139 ఓట్ల మెజారిటీతో గెలిచారు. 2014 నుంచి 2024 దాకా ఈ రెండు స్థానాల్లో కలిపి ఆయన నిలబడిన ఎన్నికలు ఆరు. నాలుగు ఓడారు, రెండు గెలిచారు.